బస్తాల మీద నడిచిన మనిషి

ఆయన పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఈ ముక్క దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఆయనకి కుర్చీ అంటే గిట్టదు. విజయనగరంలో మా ఆడిట్ ఆఫీసు. ముందురోజు ఇద్దరు ట్రైనీ పిల్లలు ఒక మిల్లు గొడౌనుకి వెళ్ళి సరుకు చూసొచ్చి, ఆ కాయితం నా బల్ల మీద పెట్టారు. బస్తాల లెక్క సరిపోయింది. ఆకుపచ్చ పెన్సిలు తీసి టిక్కు పెట్టబోతుంటే ఫోను మోగింది. ఆయన కూతురు.

"అక్కా, నాన్నగారు రాత్రి పడుకున్నవారు మరి లేవలేదు. రేపు పదకొండింటికి భూస్థాపన. మీరు తప్పకుండా రావాలని ఆయన డైరీలో రాసుకున్నారు" అంది.

పెన్సిలు కింద పెట్టేశాను. ఆ టిక్కు ఆ పూట పెట్టలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకీ నచ్చదు. "పేరుదేటున్నాది, మడిసున్నాడో నేడో సూడు" అనేవారు. శ్రీకాకుళంలో మా ఆడిటరు గారి దగ్గర ఎంతో కాలంగా పనిచేస్తున్న గుమాస్తా. పెద్ద పరీక్షలేవీ పాసవలేదు. ఆడిటరు గారు సంతకం పెట్టేవారు, ఆ సంతకం కింద ఏవేం ఉన్నాయో అవన్నీ ఈయన వెళ్ళి చూసొచ్చేవారు. బక్కపల్చని మనిషి. తెల్లచొక్కా, గోధుమరంగు కాన్వాసు బూట్లు, భుజానికో సంచీ. ఆ సంచీలో ఒక తువ్వాలు, ఒక పొట్లం మరమరాలు, ఆకుపచ్చ పెన్సిళ్ళు రెండు. గొడౌను గుమ్మం దగ్గర బూట్లు విప్పేసేవారు. కొత్త వాచ్‌మన్లు చూసి, ఈయనెవరో మహా భక్తుడనుకునేవాళ్ళు. ఆయన ఆదివారం తప్పకుండా మిషను చర్చికి వెళ్ళే మనిషే గానీ, బూట్లు విప్పడానికీ దానికీ సంబంధం లేదు.

పొద్దున్నే ఆఫీసులోకి వస్తూ ఒక్కొక్క బల్ల మీదా అరచెయ్యి ఆనించి "ఉన్నాది" అనేవారు. బీరువా మీద చెయ్యేసి "ఉన్నాది". ఫ్యాను కింద నిలబడి తలెత్తి "ఉన్నాది". మంచినీళ్ళ కుండకి కూడా హాజరు వేసేవారు. తర్వాత మనుషులు. మన ఎదురుగా వచ్చి ఒక్క క్షణం మొహంలోకి చూసేవారు. నిద్రమొహంతో ఉంటే "నేదు", అంటే లేదు, అని ముందుకి పోయేవారు. మొదట్లో మాకదో వేళాకోళం. ఆయన అటు తిరగగానే మేమూ టీ గ్లాసు మీద చెయ్యి పెట్టి "ఉన్నాది" అని నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు టైపు చేసే ఆవిడ ఎదుట నిలబడి "నేదు" అన్నారు. ఆవిడ శుభ్రంగా తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, చకచకా టైపు చేస్తోంది. "ఏటి సార్, ఎదురుగుండానే ఉన్నాను కదా" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. వారం తిరక్కుండా ఆవిడ విశాఖపట్నంలో వేరే ఉద్యోగంలో చేరిపోయింది. ఆ ఉద్యోగం కాయితం నెల్లాళ్ళ నుంచీ ఆవిడ సంచీలో ఉందట, ఎవరికీ చెప్పలేదట. ఆ తర్వాత మేం టీ గ్లాసులకి హాజరు వెయ్యడం మానేశాం.

నేను ఆ ఆఫీసుకి ఎలా చేరానో చెప్పాలి. మా కాలేజీలో బి.కాం.కి కొత్త పద్ధతి పెట్టారు. వారంలో మూడు రోజులు క్లాసులు, మూడు రోజులు ఆడిట్ ఆఫీసులో పని. పనికి జీతం లాంటిది ఇస్తారు. ఏ రోజు ఏం పని చేశామో డైరీలో రాసి సంతకం చేయించుకోవాలి. మూడేళ్ళలో ఇన్ని రోజులని లెక్క ఉంది, అందులో ఒక్క రోజు తగ్గినా డిగ్రీ రాదు. మాది శ్రీకూర్మం. నాన్న గుళ్ళో సన్నాయి వాయించేవారు. ఈ జీతం సంగతి చెబితే నాన్న చాలాసేపు నమ్మలేదు.

"సదువుకున్నందుకు ఎదురు జీతమేటే? నిన్నెవులో మోసం సేస్తన్నారు, సూసుకో" అన్నారు.

నేను మూడో ఏడులోకి వచ్చేసరికి నాన్నకి ఊపిరి చాలక సన్నాయి గూట్లో పెట్టేశారు. తమ్ముడు ఇంకా హైస్కూలు. విజయనగరంలో కొత్తగా తెరిచిన మా ఆఫీసులో, డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం ఇస్తానని ఆడిటరు గారు మాటిచ్చారు. జూన్ మొదటివారంలో చేరాలి. ఇంట్లో అందరి కళ్ళూ ఆ జూన్ మీదే ఉన్నాయి. నా కళ్ళయితే చెప్పనే అక్కర్లేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ముఖ్యంగా ఒకటే, బస్తాల మీద నడవడం. గొడౌనులో బియ్యం బస్తాలు గోడలా దొంతర్లు కట్టి ఉంటాయి. పొడుగెన్ని, వెడల్పెన్ని, ఎత్తెన్ని అని లెక్కపెట్టి హెచ్చవేస్తే మొత్తం వచ్చేస్తుంది. ఎవరైనా అంతే చేస్తారు. కానీ కొందరు మిల్లు వాళ్ళు అప్పు కోసం బ్యాంకుకి ఎక్కువ సరుకు చూపించడానికి చుట్టూ బస్తాలు పేర్చి, పైన కప్పులా బల్లలు పరిచి వాటి మీద మళ్ళీ బస్తాలు వేసి, నడిమధ్య ఖాళీ వదిలేస్తారు. కింద నిలబడి చూస్తే నిండు దొంతరే. అందుకని ఆయన బూట్లు విప్పి, ఏటవాలుగా ఆనించిన చెక్క పలక మీంచి పైకెక్కి, ఒక్కో వరుసా నడిచేవారు. ముందు మడమ ఆనించడం, ఆగడం, తర్వాత వేళ్ళు.

"నిండు దొంతర కాలికి వెంటనే జవాబు సెప్తాది పిల్లా. డొల్లదైతే కూసింత ఆలోసిస్తాది" అనేవారు.

నాకది ఇట్టే పట్టుబడింది. మా ఇంట్లో డోలు వాయించేవాళ్ళు కూడా ఉన్నారు కదా, చర్మం వెనక ఏముందో చెవికి తెలుస్తుంది. ఆయన మెచ్చుకున్నట్టు తలాడించి, నాకో ఆకుపచ్చ పెన్సిలు ఇచ్చారు. నాకు గర్వం తలకెక్కింది. గర్వం తలకెక్కినవాడు దొంతర ఎక్కడు.

పెద్ద నోట్లు రద్దయిన ఏడాది తర్వాత వచ్చిన మార్చి నెల అది. బొబ్బిలి దాటాక ఒక మిల్లుకి వెళ్ళాం. ముందు గొడౌను ఆయనది, వెనక గొడౌను నాది. నా గొడౌనులో నాలుగు దొంతర్లు. మిల్లు సూపర్వైజరు మహా తొందరలో ఉన్నాడు. పురుగు పట్టకుండా మందు పెట్టేవాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారట. దొంతర మీద టార్పాలిను కప్పి, అంచులు ఇసక మూటలతో బిగించి, లోపల మందు బిళ్ళలు పెడతారు. వారం రోజులు అలా ఉంచితే పురుగే కాదు, ఎలక కూడా మిగలదు. మడతపెట్టిన టార్పాలిను, బిళ్ళల డబ్బా నా కాళ్ళ పక్కనే ఉన్నాయి. మూడు దొంతర్లు ఎక్కి నడిచి దిగాను. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి భోజనాలకి వచ్చిన కళాసీలు, అంటే బస్తాలు మోసేవాళ్ళు, ఎదురుగా వరసకట్టి కూర్చున్నారు. నేను చుడీదారు సర్దుకుంటూ పలక ఎక్కుతుంటే ఒకడు ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఒళ్ళు మండిపోయింది. పైగా మర్నాడు కాలేజీలో పరీక్ష. కిందనే నిలబడి పొడుగు, వెడల్పు, ఎత్తు లెక్కపెట్టాను. సరిపోయింది. టిక్కు పెట్టేసి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాను.

ఆయన వచ్చారు. కాయితం చూశారు.

"నాలుగూ ఎక్కినావా?"

"ఎక్కాను సార్."

ఆయన నా కాళ్ళ వంక చూశారు. తవుడు దుమ్ము లేని కాళ్ళు. కడుక్కున్నానని చెబుదామనుకున్నాను, ఆయన అడగలేదు. బూట్లు విప్పారు. ఆ మూడు దొంతర్లూ వదిలేసి, తిన్నగా నాలుగోదాని దగ్గరికే వెళ్ళారు. ఎలా తెలిసిందో నాకు ఈరోజుకీ తెలీదు. సూపర్వైజరు "మేడమ్‌గారు సూసేసినారండి, మరెందుకండి" అంటూనే ఉన్నాడు.

ఆయన పైన నడుస్తున్నారు. నాలుగడుగులు, అయిదడుగులు. ఆగారు.  ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, తర్వాత బోర్లా పడుకుని, బస్తాకి చెవి ఆనించారు. ఆ కాస్సేపూ గొడౌనంతా పిచ్చుకల చప్పుడు తప్ప ఇంకేం లేదు. అప్పుడాయన, పక్కింటి తలుపు దగ్గర నిలబడి పిలిచినట్టు, మామూలు గొంతుతో బస్తాల్లోకి అడిగారు.

"ఉన్నావా?"

బియ్యం లోపల్నుంచి ఒక గొంతు జవాబు చెప్పింది.

"ఉన్నాను."

ఆ గొంతు నాకు ఇప్పటికీ ఒక్కోసారి వినబడుతుంది, స్నానం చేస్తున్నప్పుడు, బస్సులో కునికిపాట్లు పడుతున్నప్పుడు. కళాసీల్లో ఒకడు "ఓలమ్మో" అని లేచాడు. అందరూ ఎగబడి బస్తాలు లాగారు. నడిమధ్య చిన్న గదంత ఖాళీ. అందులో చాప పరుచుకుని ఒక కళాసీ పడుకుని ఉన్నాడు. మూడ్రోజులుగా జ్వరమట. గోడ వైపు రెండు బస్తాలు జరిపితే లోపలికి దారి ఉందని అతనికొక్కడికే తెలుసు, చల్లగా ఉంటుందని ఎండవేళ అక్కడ పడుకుంటున్నాడట. ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో, వెలుతురుకి కళ్ళు చికిలించుకుంటూ, "పిలిసినారేటండి?" అన్నాడు.

నేను టార్పాలిను వంక చూశాను. తర్వాత నా చేతిలో కాయితం వంక చూశాను. నాలుగో టిక్కు మిగతా మూడింటికంటే అందంగా ఉంది.

ఆ మిల్లు మోసం బ్యాంకుదాకా వెళ్ళింది, అది వేరే కథ. నా కథ బస్సులో జరిగింది. ఆయన తిడతారని బొబ్బిలి నుంచీ ఎదురు చూశాను. ఆయన మరమరాల పొట్లం విప్పి, సగం నాకు పెట్టారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆ మరమరాలు కిటికీలోంచి పారబోశాను. 

మే నెలలో కాలేజీ నుంచి కబురొచ్చింది. నా పనిరోజులు ఒకటి తక్కువ ఉన్నాయట. డైరీ తిరగేశాను. ఆఫీసు రిజిస్టరు తెప్పించి చూశాను. రిజిస్టరు రాసేది ఆయన. ఆ బొబ్బిలి రోజున నా పేరెదురుగా గైర్హాజరు అని ఉంది.

అగ్గిమీద గుగ్గిలమైపోయి ఆడిటరు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి, "అది ఆయన రిజిస్టరమ్మా. దాంట్లో నేను వేలు పెట్టను. ఆయన్నే అడుగు" అన్నారు. ఆఫీసు యజమానే అలా అన్నాక ఇంకెవరికి చెప్పుకోను? వెనక వరండాలో మా గుమాస్తాగారు పెన్సిళ్ళు చెక్కుకుంటున్నారు.

"సార్, ఆ రోజు నేను మీతోనే ఉన్నాను. బస్సులో మీ పక్కనే కూర్చున్నాను. మీరే చూశారు."

"సూసినాను."

"మరి రాలేదని ఎలా వేస్తారు?"

"నీ అడుగు ఇనబడ్నేదు పిల్లా."

ఏడుపు ముంచుకొచ్చింది, కోపం కూడా. "మా నాన్న సన్నాయి మానేశారు సార్. ఈ ఒక్క రోజు కోసం నా ఉద్యోగం పోతే మా ఇంట్లో ఏం తింటాం? మీకేం, మీ చాదస్తం మీది" అనేశాను. పెద్దంతరం చిన్నంతరం లేకుండా వాగాను. ఆయన పెన్సిలు మొన ఊది, వేలితో చూసుకున్నారు.

"ఒక్క రోజే కదా. గురువారం రా. పని సేసీ. సంతకం ఎట్టెస్తాను."

గురువారం నన్ను మళ్ళీ ఆ మిల్లుకే తీసుకెళ్ళారు. అప్పటికి అది బ్యాంకువాళ్ళ తాళంలో ఉంది. సరుకంతా కొత్తగా లెక్కపెడుతున్నారు. వెనక గొడౌనులో ఆ నాలుగో దొంతర, లాగిన బస్తాలు మళ్ళీ పేర్చేసి, ఎప్పట్లాగే నిలబడి ఉంది. ఆయన గోడవైపు రెండు బస్తాలు జరిపించారు.

"లోపలికెల్లి కూకో. నాను పిలిసేదాకా పలక్కు."

"లోపలికా? అదేం పని సార్?"

"ఇదే పని."

దూరి కూర్చున్నాను. వెనక బస్తాలు మూసుకున్నాయి. ముందు ఏమీ కనబడలేదు. తర్వాత సందుల్లోంచి దారాల్లాంటి వెలుతురు. జ్వరమనిషి చాప అక్కడే ఉంది. ఒక దువ్వెన, సగం నీళ్ళున్న సీసా. నా ఊపిరి నాకే పెద్దగా వినబడుతోంది. బియ్యం లోపల చల్లగానే ఉంటుంది, అతను చెప్పింది నిజమే. కొంచెంసేపటికి ఆ చల్లదనం ఒంట్లోకి దిగడం మొదలుపెట్టింది.

బయట మాటలు. బ్యాంకు నుంచి కొత్తగా వచ్చిన, ఏది డొల్ల దొంతరో తెలియని కుర్ర ఆఫీసరు లెక్కపెడుతున్నాడు. నా చెవికి జానెడు దూరంలో అతని గొంతు, ఒక్కో బస్తామీదా వేలితో కొట్టడం. పొడుగు, వెడల్పు, ఎత్తు. నా వీపు ఆనుకున్న బస్తామీద కూడా కొట్టాడు. కాలిక్యులేటరు మీటలు నొక్కిన చప్పుడు. "కరెక్టుగా ఉంది" అన్నాడు. అడుగులు దూరమైపోయాయి. నేనూ ఆ లెక్కలో బియ్యాన్నే అయ్యాను.

అప్పుడు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. బరువుగా, బరబరా. అది టార్పాలిను. పక్క గొడౌనుకి పట్టుకెళ్తున్నారని తర్వాత తెలిసింది. అప్పుడు తెలీదు. అరుద్దామని నోరు తెరిచాను. ఇది గొప్పకి చెప్పడం లేదు, సిగ్గుతో చెబుతున్నాను: గొంతు రాలేదు. ఆయన పలకొద్దన్నారని కాదు. నేనక్కడ లేనని నాకే అనిపించింది. కొలిచారు, సరిపోయింది, వెళ్ళిపోయారు. ఇంక నేను లోపల ఉన్నానని ఎవరికి చెప్పి ఒప్పించను? నా చెయ్యి నేనే పట్టుకుని చూసుకున్నాను. చల్లగా, ఎవరిదో చెయ్యిలా ఉంది.

ఎంతసేపయిందో. నెత్తి మీద బల్ల కిర్రుమంది. దుమ్ము రాలి కళ్ళల్లో పడింది. మడమ. ఆగడం. వేళ్ళు. మళ్ళీ మడమ. నా జన్మలో ఏ కచేరీ అంత శ్రద్ధగా వినలేదు. ఆ అడుగు సరిగ్గా నా తల మీదికి వచ్చి ఆగింది.

"ఉన్నావా?"

"ఉన్నాను సార్" అన్నాను. ఏడుస్తూ అన్నాను.

 పైనుంచి, పొద్దున్న ఫ్యానుకీ కుండకీ చెప్పే గొంతుతోనే, "ఉన్నాది" అన్నారు.

బయటికొచ్చాక కళాసీల ముసలి మేస్త్రి నాకు టీ తెచ్చిచ్చాడు. నా పక్కన చతికిలబడ్డాడు. ఆయన అప్పుడు పంపు దగ్గర మొహం కడుక్కుంటున్నారు.

"మీ సారు కుర్రోడప్పుడు, ఈ పక్కనే ఇంకో గొడౌనమ్మా. కుర్సీలో కూకోని టిక్కెట్టేసినాడు. ఇలాటి డొల్ల దొంతరే. మందెట్టేసినారు. ఏడో దినాన గుడ్డ తీసి బస్తాలు లాగితే లోపల మడిసి. ఎవుడో తెల్దు, ఏ ఊరో తెల్దు. వానకి దూరినాడో ఏటో. ఎవులూ ఎతుక్కుంటా రానేదు. ఆ దినం నుంచీ మీ సారు బూట్లతో దొంతరెక్కనేదు, కుర్సీలో కూకోనేదు."

నిజమే. అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళలో ఆఫీసులో ఆయన కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. ఎప్పుడూ నిలబడో, వరండా గట్టుమీద గొంతుక్కూర్చునో రాసుకునేవారు. నడుంనొప్పి అనుకున్నాం.

తిరుగుబస్సులో ఆయన డైరీ తీసుకుని ఆ రోజుకి సంతకం పెట్టారు. పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టారు. నేను ఊరుకోలేక అడిగాను.

"మేస్త్రి చెప్పాడు సార్. ఆ మనిషి గురించి."

ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఆడు నా టిక్కు కిందున్నాడు" అన్నారు. రాజాం దాటాక కాబోలు, మళ్ళీ అన్నారు. "నిండు దొంతర మీద నడుస్తన్నప్పుడు కూడా ఒక్కోపాలి ఇనబడతాది."

"ఏం వినబడుతుంది సార్?"

"ఉన్నాను అని."

"నిండు దొంతరలో ఎవరుంటారు సార్?"

"అదే సూస్తన్నాను, అప్పట్నుంచీ" అన్నారు. మరమరాల పొట్లం విప్పి నాకు సగం పెట్టారు. ఈసారి తిన్నాను. ఒళ్ళు గగుర్పొడుస్తూనే ఉంది, అయినా ఒక్కటి కూడా కింద పడెయ్యకుండా తిన్నాను.

జూన్‌లో ఉద్యోగంలో చేరాను. తర్వాత ఆయన్ని పట్టుమని పదిసార్లు కూడా చూసి ఉండను. ఎప్పుడు కనబడినా మొహంలోకి చూసేవారు. నేను ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. "ఉన్నాది" అన్నాక వదిలేదాన్ని.

భూస్థాపనకి వెళ్తున్నానని ఫోను చేస్తే అమ్మ, "ఆడగుంటవి, సమాధుల్లోకి నీకేటే పని?" అంది. పని ఉందమ్మా అన్నాను, అప్పటికి ఏం పనో నాకూ తెలీదు. రణస్థలం దగ్గర లారీ అడ్డం పడి బస్సు రెండు గంటలు ఆగిపోయింది. శ్రీకాకుళం శివార్లలో మిషను వాళ్ళ సమాధుల తోటకి చేరేసరికి అంతా అయిపోయింది. జనం వెళ్ళిపోయారు. తాజా మట్టి, దానిమీద బంతిపూల దండలు, తలవైపు పాతిన చెక్క సిలువ. ఎండ మండిపోతోంది. ఆయన కూతురు, పాస్టరుగారు, చర్చి పెద్ద ఒకాయన వేపచెట్టు నీడన నా కోసమే కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి చేతిలో పెద్ద రిజిస్టరు ఉంది.

"చర్చి పుస్తకంలో భూస్థాపన చూసినవాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాలక్కా. ఒకటి పెద్దగారు పెట్టారు. రెండోది మీరు పెట్టాలని నాన్నగారి డైరీలో ఉంది. అందుకే ఖాళీ ఉంచాం."

పెన్ను చేతిలో పెట్టింది. నేను ఆ గడి వంక చూశాను. మట్టి వంక చూశాను. పొడుగు, వెడల్పు, ఎత్తు, అన్నీ మనిషికి సరిపోయేలాగే ఉన్నాయి.

"నేను చూడలేదు కదమ్మా" అన్నాను. "నేనొచ్చేసరికి మూసేశారు."

పాస్టరుగారు మెత్తగా, "ఫర్వాలేదమ్మా, మేమంతా చూశాం కదా, అయిపోయిన పనే కదా" అన్నారు. ఆయన మంచికే అన్నారు. సూపర్వైజరు కూడా ఆ రోజు అదే మాట అన్నాడు.

ఆ అమ్మాయి నన్ను చూసింది. తండ్రి చూపే. "బూట్లూ మేజోళ్ళూ వద్దని రాసుకున్నారక్కా. వట్టికాళ్ళతోనే పెట్టాం" అంది. తర్వాత, నేను అడక్కుండానే, "ఎక్కండి. ఆయనేం అనుకోరు" అంటూ వంగి, కాళ్ళవైపున్న దండలు తనే పక్కకి జరిపింది. పాస్టరుగారు ముందుకి అడుగేసి, ఆ పిల్ల మొహం చూసి మళ్ళీ నీడలోకి జరిగారు.

చెప్పులు విప్పాను. మట్టి కాలిపోతోంది. ముందు మడమ. ఆగాను. వేళ్ళు. రెండో అడుగు. మట్టి వెంటనే జవాబు చెప్పలేదు. కింద పెట్టె ఉంది, పెట్టెలో చోటుంది, అది మామూలే. నాకు తెలుసు. అయినా మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మోకాళ్ళ మీద కూర్చున్నాను. నలుగురూ ఏమనుకుంటారో అని ఈసారి తోచనే లేదు. వంగి చెవి ఆనించి, మామూలు గొంతుతోనే అడిగాను.

"ఉన్నారా సార్?"

ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. లేచి వచ్చి, కాళ్ళ మట్టి దులుపుకోకుండానే రిజిస్టరు అందుకుని సంతకం పెట్టాను.  తారీఖు వేస్తుంటే ఆ అమ్మాయి నా చెవి దగ్గరికి వచ్చి, పెద్దలకి వినబడకుండా అడిగింది.

"ఏటన్నారక్కా?"

ఆ ఇంటి మనిషికి నేను అబద్ధం చెప్పలేను. ఒకసారి చెప్పి చూశాను.

"నీ అడుగు ఇనబడ్డాది అన్నారమ్మా" అన్నాను.